ప్రథమ కుక్కుటపాద విజయం

ఉత్తరాన మొక్కజొన్న, దక్షిణాన మొక్కజొన్న, తూర్పు పడమరల సైతం మొక్కజొన్నయే దిగంతమై విలసిల్లే నెబ్రాస్కా మహామైదానమధ్యంలో, పికప్ బండి రేకు మీద గుడ్డు పగలగొడితే అక్కడికక్కడే వేగిపోయేంత చండప్రతాపంతో జూలై మార్తాండుడు మండుతున్న వేళ, టటిల్ వంశపయోధిచంద్రిక, విశ్రాంత గణితోపాధ్యాయిని, మోకాళ్ళ నొప్పులకైనా మోకరిల్లని మహామానిని ఆర్డిత్ హాకెన్‌బెరీ రణానికి బయలుదేరింది.

రణకారణం కోడికాలు. ఆ సీమలో తొలి వలసదారుల వంశీకులు ఏటా చేసుకునే వనభోజనంలో, ఎవరి పూర్వులు అందరికన్నా ముందు వచ్చి పాతుకున్నారో వారే వరుసకు ముందు నిలిచి, వేయించిన కోడి పళ్ళెంలోంచి మొదటి కాలు అందుకోవాలి. వారికన్నా ముందే తరతరాలుగా అక్కడ బతికిన పానీ అనే ఆదివాసీ జాతివారిని ఆ వరుసలో నిలపాలన్న ఆలోచన ఆ సంఘానికి ఇంతవరకు రాలేదు. 1871లో ఐరోపాలోని బొహీమియా నుంచి వచ్చిన ప్రోహాస్కాల ఆడపడుచు లవోన్ ఆ కాలిని ఏటేటా ఆర్డిత్ కళ్ళ ముందే కొరుకుతూ వస్తున్నది.

ఆర్డిత్ ముత్తాత తండ్రి ఏమోస్ టటిల్ అంతకు ఏడాది ముందే వచ్చాడనీ, గుట్టెక్కి బాహువెత్తి దైవప్రేరణతో ఈ గడ్డనే ఎంచుకున్నాడనీ ఇంటిల్లిపాదీ చెప్పుకునే మాట. సాక్ష్యంగా ఏమోస్ స్వహస్తాలతో చెక్కిన రాయి ఒకటి వాగు ఒడ్డున ఉందని వినికిడి. ఆ వాగు ఇప్పుడు లవోన్ పచ్చికబయల్లో ఉంది.

ఆర్డిత్ అభిమానం చంపుకుని అనుమతి అడిగితే లవోన్ తాపీగా, "వెళ్ళి చూసుకోవే, నేనెందుకు ఆపుతాను? బిషప్ ఆపితే మాత్రం నా దగ్గరికి రాకు" అంది.

బిషప్ అనగా లవోన్ పెంచే మగ పెద్దబాతు. ధవళదేహుడు, దీర్ఘకంఠుడు, మతభేదం లేకుండా అందరి పిక్కలూ పీకే సమవర్తి. ఆర్డిత్ ఒక చేత నీళ్ళ బకెట్టూ కుంచే, మరో చేత అక్షరాల మీదికి ఎండను మళ్ళించడానికి పడకగది నిలువుటద్దం ధరించి కంచె దాటగానే, ఆ పక్షివీరుడు రెక్కలు విప్పి, బుసకొట్టి, తుపానులా వచ్చి మీద పడ్డాడు. ఆమె భర్త మెర్ల్ బండిలోంచి దిగకుండానే, తాను బండికి కాపలా ఉంటానని గంభీరంగా మాటిచ్చాడు.

ఆర్డిత్ కుంచెతో కొట్టింది, నీళ్ళు చిమ్మింది, తరగతి గదులను గడగడలాడించిన కంఠంతో గద్దించింది. బిషప్ ఆమె పావడా అంచు పట్టుకుని వదల్లేదు. చివరికి ఆమె అద్దాన్ని డాలుగా ముందుకు నెట్టగా, అందులో తనంతటి సుందరాంగుణ్ణి చూసి బిషప్ నిశ్చేష్టుడయ్యాడు. మెడ వంచి చూశాడు. అద్దం పక్కనే కూలబడి గొంతులో ఏదో గొణుక్కోసాగాడు.

బాతు లొంగింది గాని అద్దం దాని పాలైంది. రాయి దొరికింది, పాచీ తొలగింది. అక్షరాలే కనపడవు. నడినెత్తి ఎండలో రాయంతా ఒకటే తెలుపు. పొద్దు వాలి వెలుగు ఏటవాలుగా పడేదాకా ఆర్డిత్ అక్కడే చతికిలబడింది. చోద్యం చూడవచ్చిన లవోన్ నిమ్మరసం తెచ్చి, తానూ పక్కనే కూర్చుంది. సాయంత్రానికి గీతల్లో నీడలు చేరాయి. కళ్ళజోడు బాతు తొక్కిడిలో పగిలినందున, విధిలేక శత్రువు చేతనే చదివించవలసి వచ్చింది.

"బక్. మా ఎద్దు. 1870 జూన్. ఇక్కడ పడిపోయాడు. ఇక ముందుకు పోలేం. ఏ. టటిల్." లవోన్ చదివి, నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. "మీవాళ్ళు ఎంచుకుని రాలేదమ్మా. ఎద్దు కూలబడితే ఆగిపోయారు."

గుట్టా, ఎత్తిన బాహువూ, దైవప్రేరణా ఆర్డిత్ కళ్ళ ముందే కూలిపోయాయి. వాటి చోట, చచ్చిన ఎద్దు పక్కన మోకరిల్లి మొండి ఉలితో ఒక్కో అక్షరమూ చెక్కుతున్న దిక్కులేని మనిషి మిగిలాడు. ఆ మనిషి మీద ఆమెకు మునుపెన్నడూ లేని ప్రేమ పుట్టింది. తడి అరచేతిని రాతి మీద కాసేపు ఉంచింది.

వనభోజనం నాడు ఆర్డిత్ హక్కుకు లవోన్ సభాముఖంగా అడ్డు తగిలింది. రాయి వల్ల ఎద్దు వచ్చినట్టు తేలుతుంది గాని ఏమోస్ వచ్చినట్టు తేలదనీ, అందువల్ల కాలు ఎద్దు సంతానానికే చెందుతుందనీ వాదించింది. సంఘాధ్యక్షుడు, ఒకప్పటి పశువైద్యుడు గేలెన్ ఓట్ గడ్డం గోక్కుంటూ దీర్ఘంగా ఆలోచించాడు.

"ఎద్దు తన సమాధిరాయి తనే చెక్కుకోదు కదా, లవోన్. అయినా బండెద్దుకి సంతానమెక్కడిది? ఆర్డిత్, పళ్ళెం పట్టుకో."

అంతట, అష్టదిక్కుల మొక్కజొన్నకంకులు తలలూపుచుండగా, కోడి తోలు కాస్త మాడినదైనను, మెడలో ముడుచుకున్న రుమాలు చెమటకు తడిసినను, శిరమెత్తి ముందుకు నడిచి, టటిల్ కులదీపిక ఆ సంవత్సరపు ప్రథమ కుక్కుటపాదాన్ని స్వహస్తాలతో గ్రహించెను. వెనకే నిలిచిన లవోన్‌కు దక్కిన రెండో కాలు దానికన్నా కండగలదన్న మాట నిజమే. కాని రెండో కాలిని కీర్తించిన వీరగాథ ఈ భూమ్మీద ఎక్కడా లేదు.