నాలుగు గదుల ఇల్లు

రత్నబాబు ఆ రోజు షెల్టరులో అందరికంటే ముందు లేచాడు. అందరూ అంటే అతనొక్కడే. ఇల్లు లేనివాళ్ల కోసం మునిసిపాలిటీ తెరిచిన ఆ హాల్లో మంచాలు బోలెడు, మనుషులు సున్నా. మామిడి కోతల రోజులు కావడంతో, రోడ్డు పక్కన పడుకునే కుటుంబాలన్నీ తోటల్లో కాపలాకి చేరిపోయాయి. కాపు అయ్యేదాకా వాళ్లకి అక్కడే ఓ గుడిసె ఉంటుంది.

ఆ హాలుకి కేర్‌టేకర్ రత్నబాబు. నెలల తరబడి జీతం రాక అద్దె గది వదిలేసి, ఎవరికీ చెప్పకుండా అక్కడే తలదాచుకుంటున్నాడు. ఆ ఉదయం కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నారు. అక్కడ ఉండేవాళ్లు ఒక్కరైనా లేకపోతే తాళం వేయిస్తానని ముందే చెప్పారు. తాళం పడితే రత్నబాబుకి ఉద్యోగమూ పోతుంది, నీడా పోతుంది. అందుకని ట్రంకుపెట్టెను మెట్ల కింద దాచి మార్కెట్ యార్డుకి పరుగెత్తాడు.

యార్డులో పాత రేకుల షెడ్డు కింద కనకమ్మ ఉంటుంది. చూపు తగ్గిందని ఈ ఏడు ఆమెని ఏ తోటలోనూ పెట్టుకోలేదు. ఒక్క పూట వచ్చి మంచం మీద కూర్చోమని రత్నబాబు బతిమాలాడు.

"పెద్దాఫీసరు ముందుకి ఈ చిరుగుల చీరతో రాను బాబూ," అంది కనకమ్మ.

టీకొట్టు తులసమ్మ చేతికి ఎముక లేని మనిషి. అడగ్గానే బీరువా అడుగు నుంచి పట్టుచీర తీసిచ్చింది. అంతటితో ఊరుకోక తల దువ్వి, మెళ్లో రోల్డుగోల్డు గొలుసు కూడా వేసింది. అలా ముస్తాబైన కనకమ్మని మునిసిపాలిటీ మనిషైన రత్నబాబు ఆటో ఎక్కిస్తుంటే, కాయలు ప్యాకింగ్ చేసేవాళ్లు చూస్తూ ఊరుకుంటారా? షెల్టరులో పడుకున్నవాళ్లకి ఇళ్లస్థలం పట్టాలు ఇస్తున్నారని పుకారు లేచింది. ఆటో చేరేసరికి, బైకుల మీద ముందే వచ్చినవాళ్లు ఆ చుర్రుమనే ఎండవేళ హాల్లో మంచాలెక్కి ముసుగుతన్ని గురక పెడుతున్నారు. వాళ్లని లేపేలోపే జీపు వచ్చి ఆగింది.

కమిషనర్ గారు మురిసిపోయారు. ఒక్కొక్కరూ లేచి తమకి ఇల్లూ వాకిలీ లేవని వలవలా ఏడ్చారు. ఆ ఏడుపు చక్కగా సాగిపోయేదే. ఇంతలో జీపు డ్రైవరు జోజిబాబు మంచినీళ్లకని లోపలికి వచ్చి, కిటికీ పక్క మంచం దగ్గర ఆగాడు.

"ఏంటి బసవపున్నారావు గారూ, పై అంతస్తుకి స్లాబు ఎప్పుడు వేయిస్తున్నారు?" అని మర్యాదగానే అడిగాడు.

క్షణంలో హాలు ఖాళీ అయింది.

మిగిలింది కనకమ్మ ఒక్కతే. ఆమె నిజం చెప్పాలని రత్నబాబు లోపల్లోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. కమిషనర్ గారు ఆ పట్టుచీరనీ, గొలుసునీ చూశారు.

"నీకు ఇల్లుందా అమ్మా?"

కమిషనర్ గారి వెంట వచ్చిన అంతమంది ఆఫీసు వాళ్ల ముందు, పట్టుచీర కట్టుకుని, లేదని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"ఎందుకు లేదండీ. ముసునూరులో నాలుగు గదుల ఇల్లు."

మనిషిని సొంత గూటికి చేర్చడమే తమ మొదటి ఆశయమని కమిషనర్ గారు చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఆమెని తన జీపులోనే దింపి రమ్మన్నారు. వెళ్లబోతూ మూల మంచం దగ్గర ఆగారు. దిండు మీద తల ఆనించిన గుంట, కిటికీలో అరిగిన సబ్బు, గడ్డం గీసుకునే బ్రష్షు.

"ఇక్కడెవరో ఉంటున్నట్టున్నారే. ఒక్కరున్నా నేను తాళం వెయ్యను. ఏంటి, నీకు ఇల్లు లేదా?"

లేదన్న మాట రత్నబాబు నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో ఆఫీసు వాళ్లంతా నిలబడి అతన్నే చూస్తున్నారు.

"అయ్యో, లేకపోవడమేంటండీ. బాపులపాడులో డాబా ఇల్లు. మధ్యాహ్నం కాసేపు ఇక్కడ నడుం వాలుస్తానంతే."

తాళం పడింది.

మధ్యాహ్నానికి ఈదురుగాలి, వాన. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రత్నబాబు రేకుల షెడ్డు చేరేసరికి కనకమ్మ అప్పటికే అక్కడ ఉంది. ముసునూరులో ఎవరిదో గేటు చూపించి, జీపు మలుపు తిరిగేదాకా దాన్ని పట్టుకుని నిలబడి, కాయల ట్రాక్టరెక్కి తిరిగొచ్చేసిందట. పట్టుచీర తడవకుండా మడిచి ఒళ్లో పెట్టుకుని, మళ్లీ చిరుగుల చీరలో కూర్చుంది. ఆమెని చూస్తే రత్నబాబుకి ఏడుపొచ్చింది. డాబా ఇంటి సంగతి ఆమె అడగలేదు. తన మూట పక్కకి జరిపింది.

"ఇటు రా బాబూ. అటు కారుద్ది."

పట్టణంలో ఇల్లు లేనివాళ్లు ఒక్కరు కూడా లేరని ఆ సాయంత్రం కమిషనర్ గారు విలేకరులకి చెప్పారు. నిజమే, షెడ్డు కింద ఉన్న ఇద్దరూ సొంత ఇళ్లున్నవాళ్లే.