ఊరుమ్మడి బట్టతల

డిసెంబరు ఇరవై ఒకటో తేదీ ఉదయం ఎలాదియో అద్దం ముందు నిలబడి తన బట్టతలను తనివితీరా చూసుకుని, "ఇవాళ్టితో నీకూ నాకూ సరి," అన్నాడు. జవాబుగా తల మెరిసింది.

అతని పథకం చిన్నదే. తొమ్మిది గంటల బస్సుకు సోరియా పట్నం వెళ్ళాలి. రెండు నెలల కిందట కొలతలిచ్చి వచ్చిన విగ్గు తీసుకోవాలి. అయిదున్నర బస్సుకు ఊళ్ళో దిగి, బస్టాపుకు ఎదురుగా ఉన్న మందుల షాపులోకి తిన్నగా నడవాలి. షాపు యజమానురాలు కసిల్దాను క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి పిలవాలి. ఆమె భర్త పోయి ఆరేళ్ళయింది. ఎలాదియోకు యాభై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. తండ్రి వదిలివెళ్ళిన ఇనుప సామాన్ల కొట్టు, గొర్రెమాంసం వండటంలో కాస్త నేర్పు తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. ఆ నాలుగు మాటలు అడగడానికి రెండేళ్ళుగా గుండె చాలడం లేదు. నెత్తిన నాలుగు వెంట్రుకలుంటే ధైర్యం అదే వస్తుందని అతని నమ్మకం.

నిజానికి అతనికి బట్టతల మీద కోపం లేదు. ఊరి మీదే కోపం. రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రెంచి సైన్యం మా దేశం మీదికొచ్చి ఖజానా ఖాళీ అయినప్పుడు, పన్ను వేస్తే జనం తిరగబడతారనీ ఆశ అమ్మితే ఎగబడతారనీ కనిపెట్టి మా పెద్దలు లాటరీ పెట్టారు. సైన్యం ఎప్పుడో వెళ్ళిపోయింది, లాటరీ ఉండిపోయింది. క్రిస్మస్ లాటరీ టికెట్టును గర్భిణి పొట్టకో, గూనివాడి వీపుకో, బట్టతలకో రుద్దితే అదృష్టం తగులుతుందన్న నమ్మకం కూడా దాంతోపాటే ఉండిపోయింది. రెండు వందల గడపల మా వల్దెరూబియాలో గూని తాత కిందటేడు కన్నుమూశాడు. ఉన్న ఒక్క గర్భిణీ ఈసారి మూడు వారాలు ముందే ప్రసవించి ఊరిని నట్టేట ముంచింది. మిగతా బట్టతలలకు చెవుల పక్కన కొంత జుట్టుంది కనుక ఫలితం సగమేనని పెద్దలు తేల్చారు. ఇక మిగిలింది ఎలాదియో తల. అందులో లోపమన్నది లేదు.

ముందు రోజు కూడా రొట్టెల కొట్టు బ్రీహిదా పొద్దున్నే వచ్చింది. అతన్ని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి.

"ఒరేయ్ ఎలాదియో, కాస్త వంగు నాయనా. నా భుజం లేవడంలేదు."

"ఇంకా బోణీ కాలేదత్తా."

"అవుద్దిలే. ముందు వంగు."

ఆమె టికెట్టును మూడుసార్లు కుడినుంచి ఎడమకు, మూడుసార్లు ఎడమనుంచి కుడికి రుద్ది, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. అయిదేళ్ళ కిందట ఆమె టికెట్టుకు పెట్టిన డబ్బు పెట్టినట్టు తిరిగొచ్చింది. అది ఎలాదియో తల మహిమేనని ఊరంతా చెప్పుకొచ్చింది ఆమే. అప్పట్నుంచి సెప్టెంబరు వస్తే కొట్లో మేకులు కొనేవాళ్ళకంటే టోపీ తీయమనేవాళ్ళే ఎక్కువ. ఆ వరసలోకి ఈసారి వారం వారం కసిల్దా కూడా వచ్చేది. వచ్చి, ఎవరో ఒకరు అతని తల రుద్దుతుంటే ఓ పక్కన నిలబడి చూసి, వంద మేకుల పొట్లం కొనుక్కుని వెళ్ళేది. ఆమె ఇంట్లో ఇంకా మేకు దిగని గోడ మిగిలుందా అని అతనికి ఆశ్చర్యంగా ఉండేది. చెవులు ఎర్రబడి ఏమీ అడగలేకపోయేవాడు.

అన్నింటికంటే పెద్ద తద్దినం ఇరవై ఒకటో తేదీ సాయంత్రం ఆరింటికి. ఊరి సంఘం ఏటా ఒకే నెంబరు కొంటుంది. ఆ నెంబరు ముక్కలు ఊరంతా పంచుకుంటారు. ఆ ముక్కలన్నీ బ్రీహిదా ఒక బిస్కట్ల డబ్బాలో పోగుచేసి, మేయరు సమక్షంలో ఎలాదియో తలకు డబ్బా మొత్తం రుద్దిస్తుంది. ఈసారి ఆ వేళకు అతని తల కనబడదు, కనబడినా జుట్టుతో కనబడుతుంది. ఎలాదియో కొట్టుకు తాళం వేసి, "ముఖ్యమైన పని మీద వెళ్తున్నాను" అని అట్ట తగిలించి, టోపీ చెవులదాకా లాక్కుని బస్సెక్కాడు.

పదింటికల్లా ఆ అట్ట ముందు నలుగురు చేరారు. డ్రా రేపనగా ఇవాళ ఈ తలకు ఊళ్ళో లేనంత ముఖ్యమైన పని ఏముంటుందన్నది వాళ్ళ ప్రశ్న. పదకొండింటికి బస్సెక్కగా చూశామన్నవాళ్ళు దొరికారు. పన్నెండింటికి, పక్క ఊరివాళ్ళు అతన్ని డబ్బిచ్చి రప్పించుకున్నారని రూఢి అయింది. ఎంతిచ్చారో కూడా ఒకరికి తెలుసు. ఒంటిగంటకు మేయరు దామియన్, ఊరి కాపలాదారు ఫెర్మిన్‌ను పిలిచి, బస్టాపు దగ్గర కాపు వేయమన్నాడు. "మర్యాదగానే పట్టుకో. తలకు మాత్రం దెబ్బ తగలకూడదు," అని మరీ చెప్పాడు.

అయిదున్నరకు బస్సు ఆగింది. అందులోంచి దిగిన ఎలాదియోకు నుదుటి మీద పడే గోధుమరంగు జుట్టుంది. చిన్న పాయ ఒకటి గాలికి కదులుతోంది కూడా. సోరియా అద్దాల్లో చూసుకుంటూ వచ్చాడు, ప్రాణం తేలిగ్గా ఉంది. ఎదురుగా మందుల షాపులో దీపం వెలుగుతోంది. రెండడుగులు వేశాడో లేదో ఫెర్మిన్ అడ్డొచ్చాడు.

"ఏవండీ, సోరియాలో ఓ బట్టతలాయన్ని చూశారా? మా ఊరాయనే. పేరు ఎలాదియో. వెన్నుపోటు పొడిచాడు."

ముప్పై ఏళ్ళుగా తనతో పేకాడుతున్న మనిషి తనను గుర్తుపట్టలేదు. ఎలాదియోకు సంతోషమూ భయమూ ఒకేసారి వేశాయి. నిజం చెబితే విగ్గు సంగతి కసిల్దా కంటే ముందు ఊరికి తెలుస్తుంది. ఏం చేయాలో తోచక నోటికొచ్చింది అనేశాడు.

"నేను... ఆయన తమ్ముణ్ణి."

"ఎలాదియోకు తమ్ముడెక్కడున్నాడు?"

"ఉన్నాను కదండీ," అన్నాడు ఎలాదియో నీరసంగా.

అప్పటికే మందుల షాపు ముందు మేయరు, డబ్బాతో బ్రీహిదా, వెనక ఊరు సగం చేరిపోయారు. చలికి అందరూ షాపులోకి దూరారు, తమ్ముణ్ణి కూడా ముందుకు తోశారు. కౌంటరు వెనక కసిల్దా అతన్ని ఒకసారి చూసి, తుప్పు మరకలున్న అతని వేళ్ళకేసి ఒకసారి చూసి, మళ్ళీ మాత్రలు లెక్కపెట్టుకోసాగింది.

"పోలిక ఉంది. ముక్కు అచ్చం అదే," అన్నాడు మేయరు.

"ఉండదా మరి," అంది బ్రీహిదా. "వాళ్ళ నాన్న మేకులు అమ్మడానికి వారానికో ఊరు తిరిగేవాడు. ఇన్ని మేకులు ఎవరు కొంటారా అని నాకప్పుడే అనుమానం."

"మా నాన్న అలాంటివాడు కాదు," అన్నాడు ఎలాదియో.

"నీకేం తెలుసు నాయనా, నువ్వు ఆ ఊళ్ళో ఉన్నావు, మేమిక్కడున్నాం," అని బ్రీహిదా జాలిగా అతని వీపు నిమిరింది. చచ్చి స్వర్గాన ఉన్న తండ్రికి మనసులోనే దండం పెట్టుకుని ఎలాదియో నోరు మూసుకున్నాడు.

గడియారం ఆరు కొట్టింది. బట్టతల జాడ లేదు. ఇప్పుడెలా అని అందరూ మేయరుకేసి చూశారు. దామియన్ కళ్ళు మూసుకుని ఆలోచించి, తండ్రి ఒకడే కాబట్టి ఎముక ఒకటేననీ, జుట్టు పైపై సంగతనీ, కాస్త గట్టిగా రుద్దితే అదృష్టం లోపలికి దిగుతుందనీ తీర్పు చెప్పాడు.

"వద్దండీ, నాకు తలనొప్పి," అన్నాడు ఎలాదియో రెండు చేతులతో జుట్టు పట్టుకుని.

"మందుల షాపులోనే ఉన్నావు, భయమేముంది," అన్నాడు ఫెర్మిన్. చేతులు పట్టుకున్నదీ అతనే.

బ్రీహిదా డబ్బా మూత తీసి, డబ్బాను పట్టుకుని మూడుసార్లు కుడినుంచి ఎడమకు రుద్దింది. ఎడమనుంచి కుడికి రెండోసారి వచ్చేసరికి డబ్బా అంచు విగ్గు అంచుకు తగులుకుంది. మూడోసారికి విగ్గు లేచి, ఊరి ఆశలన్నీ ఉన్న డబ్బాలో పడింది. బ్రీహిదా దడుచుకుని మూత వేసేసింది. దీపం వెలుగులో ఎలాదియో తల ఎప్పటిలాగే మెరిసింది.

ఫెర్మిన్ పట్టుకున్న చేతులు వదిలేశాడు.

"అంటే వీళ్ళ నాన్న మంచివాడేనన్నమాట," అన్నాడు ఫెర్మిన్.

ఊరు గొల్లుమంది. ఎవరిదో తెలియని, ఏ గుర్రానిదో కూడా తెలియని జుట్టుకు టికెట్లు రుద్దాం, ఇక మునిగాం అన్నారు. మేయరు ఒక్క అడుగు ముందుకేసి, గొంతు మెత్తగా చేసుకుని, "అయిందేదో అయింది. ఇప్పుడు అసలు తల మీద ఇంకోసారి రుద్దుదాం. వంగవోయ్," అన్నాడు.

ఎలాదియో వంగలేదు. జీవితంలో మొదటిసారి.

"వంగను. సెప్టెంబరు వస్తే చాలు, నేను మనిషినన్న సంగతి మీకు గుర్తుండదు. ఈ తలకింద ఒకడున్నాడు, వాడికి జ్వరం వచ్చిందా, దిగులుగా ఉందా అని ఎవరన్నా అడిగారా? ఏడాదికి ఒక్క సాయంత్రం, ఒక్కటంటే ఒక్కటి, నాకోసం దాచుకుందామనుకున్నాను. అదీ మీరే రుద్దేశారు. ఇక ఈ తల ఎవరిదీ కాదు."

కసిల్దాకేసి చూసే ధైర్యం లేక, అడగాల్సిన మాట అడగకుండానే, బోడితలతో చలిలో ఇంటికి నడిచాడు. అతనికి ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. విగ్గు డబ్బాలోనే ఉండిపోయింది. అపశకునమని ఆ మూత తీయడానికి ఎవరూ సాహసించలేదు.

మర్నాడు పొద్దున్న రేడియోలో బడిపిల్లలు ఏటిలాగే డ్రాలో తగిలిన నెంబర్లు పాడి వినిపిస్తుంటే ఎలాదియో కొట్టు తలుపు మూసుకుని లోపల మేకులు వేరుచేస్తూ కూర్చున్నాడు. అతను ఏనాడూ లాటరీ టికెట్టు కొనలేదు. పదకొండున్నరకు వీధిలో పెద్ద కేకలు వినిపించాయి. టికెట్లన్నీ పోయి, ఊరు తనను కొట్టడానికి వస్తోందనుకుని పెద్ద సుత్తి ఒకటి దగ్గరికి లాక్కున్నాడు. తలుపు చప్పుడైంది, కానీ వెనక తలుపు.

కసిల్దా నిలబడి ఉంది. చేతిలో నాలుగు మడతల కాగితం.

"మన నెంబరుకు రెండో పెద్ద బహుమతి వచ్చిందండీ," అంది, పిల్లాడికి జలుబు తగ్గిందని చెప్పినంత మామూలుగా.

"మీకు మంచిదైంది. నా దగ్గర టికెట్టు లేదు."

"ఉంది. ఇదిగో, సగం మీదే."

కాగితం వెనక తేదీ వేసి, ఆమె పేరూ, కింద అతని పేరూ రాసి ఉన్నాయి. తేదీ సెప్టెంబరుది. టికెట్టు సగం పంచుకోవడమంటే మా వైపు చిన్న మాట కాదు. పోట్లాడుకున్న అన్నదమ్ములు కూడా పంచుకోరు. ఎలాదియో ఆ రెండు పేర్లను బహుమతి కంటే ఎక్కువసేపు చూశాడు.

"సెప్టెంబరులోనే ఎందుకివ్వలేదు?"

"ఇద్దామనే కదా ప్రతివారం వచ్చింది. ఎప్పుడొచ్చినా మీ తల ఖాళీ లేదు. ఉత్తచేతుల్తో పోలేక మేకులు కొన్నాను. మా ఇంట్లో పద్నాలుగు వందల మేకులున్నాయి ఎలాదియో గారూ."

"ఆ టికెట్టు... మీరు దేనికైనా రుద్దారా?"

"లేదు. నిన్న డబ్బాలో కూడా వేయలేదు," అంది కసిల్దా. "మీ తల మీద చెయ్యి వేయాలంటే కారణం లాటరీ కాకూడదనుకున్నాను."

అతను సుత్తి కింద పెట్టి, రెండేళ్ళుగా అడగలేని మాట అడిగాడు. క్రిస్మస్ ముందు రాత్రికి గొర్రెమాంసం తనే వండుతానని కూడా చెప్పాడు. ఆమె సరేనంది.

అంతలో ముందు తలుపు బద్దలయ్యేలా తట్టారు. తీస్తే మేయరు, బ్రీహిదా, ఫెర్మిన్, వాళ్ళ వెనక వాయిద్యాలతో ఊరు ఊరంతా. ఎలాదియో అలవాటుకొద్దీ తల చేతుల్తో కప్పుకున్నాడు.

"చేతులు దించవోయ్, నీ తలతో మాకేం పనిలేదు," అన్నాడు మేయరు. "ఇన్నేళ్ళూ దాన్ని నమ్మి మోసపోయాం. ఒక్క రాత్రి ఆ విగ్గు డబ్బాలో పడుకుందో లేదో, ఊరంతా లక్షాధికారులయ్యారు. దాన్ని ఊరికి రాసిచ్చెయ్. కాగితం తెచ్చాను, సంతకం పెట్టు."

ఎలాదియో సంతకం పెట్టాడు. మనసు తేలికపడింది, లోపలెక్కడో చిన్నగా చివుక్కుమంది కూడా.

డబ్బు వచ్చాక ఊరు మారింది. మేయరు ఎర్రకారు కొన్నాడు. అది ఊరి సందుల్లో తిరగదు కనుక పొలిమేరలో ఉంచి, రోజూ దానిదాకా నడిచి వెళ్ళి తుడిచి వస్తాడు. ఫెర్మిన్ ఉద్యోగం మానేశాడు కానీ, పొద్దుపోక అదే బస్టాపులో నిలబడతాడు. బ్రీహిదా రొట్టెల కొట్టు మూసేసింది. ఊరు పక్క ఊరి రొట్టె తినాల్సి వచ్చింది. మూడు వారాలు తిరక్కుండానే, మాట్లాడేవాళ్ళు లేక పిచ్చెక్కుతోందని ఆమే మళ్ళీ తెరిచింది. విగ్గును పంచాయతీ హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. తెలియక ఏ పొరుగూరివాడో టికెట్టుతో ఎలాదియో కొట్టుకు వస్తే, "అది ఉత్త తలండీ, అసలుది అక్కడుంది," అని దారి చూపిస్తున్నారు.

మే నెలలో ఎలాదియోకూ కసిల్దాకూ చర్చిలో పెళ్ళయింది. అతను బోడితలతోనే నిలబడ్డాడు, ఆమె అందరి ముందూ దాని మీద చెయ్యి వేసింది. ఊరి తరఫున విగ్గును పిలవకపోతే బాగుండదని మేయరు పట్టుబట్టడంతో, పెట్టెతో సహా తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు.

పెళ్ళి ఫొటోలో అందరికంటే బాగా పడింది అదే.