మా కుట్టు దుకాణంలో విదేశీ హస్తం

దేశంలో ఏ పని చెడినా దాని వెనక విదేశీ హస్తం ఉందని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన చిన్న వ్యాపారాల శాఖ మంత్రిగారు, ఇకమీదట విదేశీ హస్తం లేనిదే ఏ పనీ జరగడానికి వీల్లేదని మొన్న ఎండాకాలంలో ప్రకటించారు. ప్రతి దుకాణమూ కనీసం ఒక్క ఉద్యోగినైనా సముద్రాల అవతల నుంచి పెట్టుకోవాలి. ఆ ఉద్యోగి అక్కడే కూర్చుని ఇక్కడి పని చేస్తాడు. దాంతో వ్యాపారం దానంతటదే పెరుగుతుంది. ఎలా పెరుగుతుందని ఒక విలేకరి అడిగితే, "మొక్క ఎలా పెరుగుతుందని మీరెప్పుడైనా మొక్కని అడిగారా?" అన్నారట మంత్రిగారు. విలేకరి సిగ్గుపడి కూర్చున్నాడు. ఇలాంటి జవాబు పుస్తకాలు చదివితే వచ్చేది కాదు.

ఆ పథకానికి నమూనాగా మా దుకాణాన్ని ఎంచుకోవడం నా అదృష్టం. పత్రికల్లో ఫొటో వేశారు గానీ వివరాలు వేయలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను టైలర్ని. మంత్రిగారి కోట్లు కుట్టేది మేమే. మేమంటే నేనూ, మా ఆవిడా. నేను కొలతలు తీసి కత్తిరిస్తాను, ఆవిడ కుడుతుంది. మిషను కూడా ఆవిడ సొంతం. చేతులు తక్కువ, పని ఎక్కువ. కాబట్టి మా వ్యాపారమంతా "రేపు రండి" అనే రెండు మాటల మీద నడిచేది.

ఒకరోజు అభివృద్ధి అధికారి వచ్చాడు. వెంట ఇంత పెద్ద తెర తెచ్చాడు. గోడకున్న నిలువుటద్దం తీయించి ఆ చోట దాన్ని బిగించాడు.

"అద్దం లేకపోతే వేసుకున్న బట్ట ఎలా ఉందో ఎట్లా చూసుకుంటారండీ?" అన్నాను.

"చూసుకుంటే లోపాలు కనిపిస్తాయి. నీ వ్యాపారం పెరగాలా, వద్దా?"

మిషను మీద నుంచి తల ఎత్తకుండానే మా ఆవిడ అడిగింది. "ఆ తెరలో వచ్చే మనిషి కాజాలు కుడతారాండీ?"

"కాజాలు కోర్ యాక్టివిటీ అమ్మా. అది మీరే చూసుకోవాలి. మిగతాదంతా వాళ్లు చూసుకుంటారు."

"మిగతాది ఏముంది?"

"అది కనిపెట్టడానికే వాళ్లు."

తెర వెలిగింది. ఒక అమ్మాయి కనిపించింది. చెవులకు హెడ్‌ఫోను, వెనక చెక్క గోడ, గోడ మీదుగా ఇంకెవరివో నడినెత్తులు. పేరు పలకడానికి మాకు నోరు తిరగలేదు. తెరమ్మాయి అని పిలుచుకున్నాం. మా భాష మాత్రం గడగడా మాట్లాడుతోంది. భాష నేర్పడానికి నమూనాలు కావాలని వాళ్ల కంపెనీ అడిగితే, మన ప్రభుత్వం మంత్రిగారి ప్రసంగాల రికార్డులన్నీ పంపించిందట.

మొదట వచ్చింది బడి మాస్టారు. పదవీ విరమణ సభలో వేసుకోవడానికి ప్యాంటు గుడ్డ ఇచ్చి చాలా కాలమైంది. సభ దగ్గరపడింది. ఒంటి మీదున్న ప్యాంటుకు మోకాళ్ల దగ్గర మాసికలు.

"అయిందా?" అన్నారు నాతో.

నేను అలవాటుగా నోరు తెరిచేలోపు తెరమ్మాయి అందుకుంది. "పెద్దలు మాస్టారికి నా నమస్కారాలు. ప్యాంట్ల విషయంలో ఇన్నాళ్లూ జరిగిన నిర్లక్ష్యం మీకు తెలియనిది కాదు. మా హయాంలో ఆ పరిస్థితి రానివ్వం. ముందు కుడికాలు, ఆ తర్వాత ఎడమకాలు, దశలవారీగా పూర్తిచేసి తీరుతాం."

మాస్టారు తెర దగ్గరికి జరిగారు. "తేదీ చెప్పమ్మా."

"తేదీలతో రాజకీయం చేయడం మా విధానం కాదు."

తెర చూద్దామని వచ్చి బెంచీ మీద కూర్చున్న వాళ్లు చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే మర్యాద కాదనుకున్నారేమో, మాస్టారు కూడా రెండు చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు.

ఆ కబురు వీధంతా పాకింది. ఆ మాటలు వినడానికి జనం విరగబడ్డారు. ఉత్తినే కూర్చోనివ్వం, గుడ్డ ఇస్తేనే కూర్చోవాలని అధికారి నిబంధన పెట్టాడు. దాంతో గుడ్డలు కప్పుదాకా పేరుకుపోయాయి. దుకాణంలో మసలడానికి చోటు లేక నేను గుమ్మంలో నిలబడి కత్తిరించేవాణ్ణి. "ఇదీ గ్రోత్ అంటే" అన్నాడు అధికారి, గుడ్డల గుట్టను ఆప్యాయంగా తడుముతూ.

తెరమ్మాయి మీద పర్యవేక్షణకు ఒక సూపర్‌వైజరు వచ్చాడు, అవతల నుంచే. సూపర్‌వైజరుకీ నాకూ మధ్య సమన్వయానికి ఒక కోఆర్డినేటరు. ఇంతమంది సిబ్బందికి సిబ్బంది వ్యవహారాలు చూసేవాడు లేకపోతే ఎలాగని ఒక హెచ్ఆర్. రోజూ పొద్దున్నే మీటింగు. నేను కత్తెర పక్కన పెట్టి తెర ముందు కూర్చోవాలి. గుడ్డలెన్ని వచ్చాయో వాళ్లు నాకు చెబుతారు, నేను తల ఊపుతాను. ఇంత గౌరవంగా నన్ను ఎవరూ ఖాళీగా కూర్చోబెట్టలేదు.

కొన్నాళ్లకు హెచ్ఆర్ మా ఆవిడను పిలిచాడు.

"మీరు ఒక్క మీటింగుకూ రాలేదమ్మా."

"కుడుతున్నాను."

"సమస్య అదే. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి కుడుతూనే ఉంటారు. టీమ్‌తో కలవరు."

"నేను లేచి వస్తే కుట్టేదెవరు?"

"చూశారా. అంతా ఒక్క మనిషి మీదే ఆధారపడి ఉంది. సంస్థకి ఇది పెద్ద రిస్కు."

ఆ రిస్కును ఆ పూటే తొలగించారు. మా ఆవిడ నాకేసి చూసింది. "మీరేం అనరా?"

"సిబ్బంది విషయాల్లో నేను కలగజేసుకోకూడదట."

ఆవిడ సూదులు, బాబిన్లు డబ్బాలో సర్దుకుంది. తోపుడు బండి పిలిచి మిషను ఎక్కించింది. గడప దాటుతూ, "రాత్రికి భోజనం కూడా ఆ అమ్మాయినే అడగండి" అంది.

అడిగాను కూడా. దశలవారీగా అంది.

ఆ తర్వాత మా ఆవిడ ఇంటి వరండాలో మిషను పెట్టుకుంది. ఇంట్లో పక్క పక్కనే కూర్చుని తిన్నా మా మధ్య మాటల్లేవు. కంచం మాత్రం కాస్త గట్టిగా పెట్టేది. దుకాణంలో మిషనే లేదు, అయినా వ్యాపారం పెరుగుతూనే ఉంది. కుట్టేవాళ్లే లేరు కాబట్టి గుడ్డలు బట్టలై బయటికి వెళ్లిపోయే ప్రమాదం కూడా తప్పిందని కోఆర్డినేటరు అభినందించాడు.

ఈ విజయాన్ని కళ్లారా చూడటానికి మంత్రిగారే స్వయంగా విచ్చేశారు. మా గుమ్మం ముందు సభ. ఆయన రెండు వాక్యాలు మాట్లాడేసరికి గొంతు పట్టేసింది. అధికారి చురుకైనవాడు. మైకు తీసి తెరవైపు తిప్పాడు. మిగతా ప్రసంగం తెరమ్మాయి పూర్తిచేసింది. దగ్గలేదు, నీళ్లడగలేదు, ఊరి పెద్దల పేర్లు ఒకటికి బదులు ఇంకోటి చెప్పలేదు. సభ ముగిశాక జనం వెళ్తూ, "ఈసారి మంత్రిగారు బాగా మాట్లాడారు" అనుకున్నారు. పక్కన కుర్చీలో కూర్చున్న మంత్రిగారు కూడా ఆ మాటే అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన ప్రసంగాలు ఆమెకు అప్పగించారు. తర్వాత అర్జీలు వినడం. తర్వాత పరామర్శలు. మనిషి పోయిన ఇంట్లో ఒక బల్ల మీద తెర పెట్టేవారు. తెరమ్మాయి ఏడ్చేది. నిజంగానే ఏడ్చేదని, మంత్రిగారు వచ్చినప్పుడు ఇంతగా ఏడవలేదని ఆ ఇంటివాళ్లే నాతో చెప్పారు. మంత్రిగారికి మధ్యాహ్నం నిద్ర కుదిరింది. ఒళ్లు వచ్చింది. కోటు నడుం వదులు చేయమని పంపితే, మా ఆవిడ దగ్గరికి దొంగచాటుగా పట్టుకెళ్లాల్సి వచ్చింది.

ఇదంతా గమనిస్తున్న పార్టీ అధ్యక్షుడికి ఒక చిన్న సందేహం వచ్చింది. పనంతా ఆ అమ్మాయి చేస్తుంటే మధ్యలో ఈయనెందుకు? సందేహం వచ్చాక ఆయన ఆలస్యం చేసే మనిషి కాదు. తెరమ్మాయిని మంత్రిని చేశారు. విదేశీయురాలు మంత్రి ఏమిటని ప్రతిపక్షం గోల చేస్తే, "విదేశీ హస్తం ఉందని మేం మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాం, దాచిందేముంది?" అన్నారు అధ్యక్షులు. కబురు ఫోనులో చెప్పినప్పుడు ఆ అమ్మాయి, షిఫ్టు ఏమైనా మారుతుందా అని మాత్రం అడిగిందట.

మా దుకాణంలో ఖాళీ ఏర్పడింది. భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు కావాలని కంపెనీ ప్రకటన ఇచ్చింది. వారం తిరక్కుండా తెర మళ్లీ వెలిగింది. చెవులకు హెడ్‌ఫోను, ఒంటి మీద మేం కుట్టిన కోటు. మాజీ మంత్రిగారు.

"ఈయన ఇల్లు పక్క వీధిలోనే కదండీ?" అన్నాను అధికారితో.

"అయితే ఏం? అవతలి వాళ్ల వైపు నుంచి చూస్తే ఆయన సముద్రాల అవతలే ఉన్నాడు."

అంత దూరం నేను ఆలోచించలేదు.

ఆ ఉదయమే మాస్టారు వచ్చారు. పదవీ విరమణ సభ అయిపోయింది. మాసికలు కనిపించకుండా దండను మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారని విన్నాను. "ప్యాంటు సంగతి సరే, ఆ గుడ్డయినా చూపించండి. కళ్లజూసి పోతాను" అన్నారు.

మాజీ మంత్రిగారు ముందున్న కాగితం చూసి మొదలుపెట్టారు. "ప్యాంట్ల విషయంలో ఇన్నాళ్లూ జరిగిన..."

ఆగిపోయారు. వేదిక మీద నుంచి ఆయన ఎప్పుడూ జనాన్ని చూసేవారు. ఒకే మనిషిని, అంత దగ్గరగా, మాసికలతో సహా చూడటం ఇదే మొదటిసారేమో. కాగితం పక్కన పెట్టారు.

"మాస్టారూ, మీ ప్యాంటు ఎవరూ కుట్టడం లేదండి. అక్కడ మిషనే లేదు."

"మరి ఎప్పటికవుతుంది?"

"నాకు తెలీదండి."

ఈసారి బెంచీ మీద చప్పట్లు లేవు. మాస్టారు స్టూలు మీద కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకేమైందో తెలీదు, లేచి గుడ్డల గుట్టలోకి దూరాను. అడుగు నుంచి ఆయన గుడ్డ లాగేసరికి గుట్టంతా నా మీద పడింది. బయటపడి దులుపుకుని, టేపు మెడలో వేసుకుని, "పదండి మాస్టారూ, మా ఇంటికి పోదాం" అన్నాను. వరండాలో మా ఆవిడ మా ఇద్దరినీ చూసి, గుడ్డ మాత్రం అందుకుంది. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, నా చేత కాజాలు కుట్టించింది. ప్యాంటు అయ్యేసరికి, "నడుం సరిపోయిందా అన్నయ్యగారూ?" అని ఆయన్ని అడిగింది. ఆ తర్వాత నాతో కూడా ఒక మాట మాట్లాడింది. కాజాలు వంకరగా ఉన్నాయంది.

మర్నాడు దుకాణం తలుపు తీసేసరికి తెర మీద సూపర్‌వైజరు, కోఆర్డినేటరు, హెచ్ఆర్ ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. ముగ్గురి మొహాలూ దిగులుగా ఉన్నాయి. నిన్న జరిగిన సంభాషణ రికార్డు విన్నామని, మాజీ మంత్రిగారిని వెంటనే ఉద్యోగం నుంచి తీసేశామని చెప్పారు. మీ దేశపు భాష రాని మనిషిని పంపినందుకు క్షమించమని ముగ్గురూ చేతులు జోడించారు.