ప్రకృతి బస్సు తిరిగే చోటు

పిల్లలకు ప్రకృతి మంచిది కాదు. ఈ మాట బాధ్యతగల తండ్రిగా చెబుతున్నాను. బయట దొరికే ప్రకృతిని ఎవరూ కడగరు, వడగట్టరు. ఏదైనా అయితే పూచీ పడేవాడూ ఉండడు. పిల్లలకు కావలసింది ప్రకృతి కాదు, ప్రకృతి ప్రోగ్రాం! ఆదివారం పొద్దున్నే ఏసీ బస్సులో గుమ్మం ముందుకొచ్చి ఎక్కించుకుపోయి, సాయంత్రానికి మరక అంటకుండా తెచ్చి అప్పగించేది.

మా అపార్ట్‌మెంట్‌కు ఆ ప్రోగ్రాంను తెచ్చిన ఘనత నాదే. మా ఏడేళ్ల బుడ్డిది ప్రకృతికి దూరమైపోతోందని ఒకరోజు ఫోన్‌లో ఏదో వీడియో చూస్తుంటే తెలిసింది. గుండె తరుక్కుపోయింది! వెంటనే కిటికీలోంచి చూశాను. అది గేటు పక్క చెట్టుకొమ్మకు తలకిందులుగా వేలాడుతోంది.

"బుడ్డీ, దిగు! నిన్ను ప్రకృతిలో చేర్పిస్తున్నాను!" అని కేకేశాను.

ప్రోగ్రాం నడిపే ఆయన్ని అందరూ ప్రకృతి సార్ అంటారు. నెత్తిన టోపీ, మెడలో బైనాక్యులర్స్, ఒంటి నిండా జేబులు. అన్ని జేబుల్లోనూ శానిటైజరే. ఊరి బయట వాళ్ల స్థలం చూసి నేను ముగ్ధుణ్ణయిపోయాను. నేలంతా ప్లాస్టిక్ పచ్చిక! మామూలు గడ్డిలో పురుగులుంటాయట. మట్టి పీరియడ్‌కు మట్టిని జల్లించి, ఉడకబెట్టి, ఆరబెట్టి, గ్లవ్స్ తొడిగిన చేతుల్లో చెంచాడు చెంచాడు పోస్తారు. చెట్టెక్కే పీరియడ్‌కు ఫైబర్ చెట్టుంది. ఎక్కేవాళ్లకు హెల్మెట్, నడుముకు తాడు, కింద పరుపు. పట్టుతప్పి పడదామన్నా పడలేరు! ఇక స్వేచ్ఛగా పరిగెత్తే పీరియడ్‌లో ఎవరి రోల్ నంబర్ పిలిస్తే వాళ్లే స్వేచ్ఛగా పరిగెత్తాలి. అందరూ ఒకేసారి పరిగెడితే దాన్ని స్వేచ్ఛంటారా, తొక్కిసలాటంటారా?

వానలో తడిసే క్లాసు గురించి చెప్పి తీరాలి. ఆ ఆదివారం వాన పడటంతో క్లాసు రద్దయింది. మరుసటి ఆదివారం ఎండ కాసింది కాబట్టి పిల్లల్ని షవర్ల కింద నిలబెట్టి పాఠం పూర్తిచేశారు. గోరువెచ్చని నీళ్లు కూడానూ!

"వాన కంటే మన బాత్రూమే నయం నాన్నా," అంది బుడ్డిది ఇంటికొచ్చి. సొంతంగా పరిశీలించి ఒక నిర్ణయానికి రావడం! చదువంటే ఇది కదా?

మా ఆవిడ మాత్రం మొదటినుంచీ మూతి ముడుచుకునే ఉంది. "దానికి చెట్టే కావాలంటే గేటు దగ్గరుంది కదండీ. రోజూ దాని మీదేగా ఉంటుంది," అంది. పాపం, ఆవిడకు సిలబస్ సంగతి తెలియదు. గేటు దగ్గరి చెట్టుకు టైంటేబులుందా? ఇన్‌ఛార్జి ఉన్నాడా? కనీసం యూనిఫామైనా ఉందా?

ఇంతలో ఓ చిక్కొచ్చిపడింది. చేరే పిల్లల సంఖ్య పెరిగిందని పెద్ద బస్సు వేశారు. అది మా వీధిలోకి దూరింది కానీ వెనక్కి తిరగలేకపోయింది.

"ముందుకెళ్తే గోడ, వెనక్కొస్తే చెట్టు. నన్నేం చెయ్యమంటారు సార్?" అన్నాడు డ్రైవరు.

ప్రకృతి సార్ బస్సు దిగారు. చెట్టు మీద చెయ్యివేసి కాసేపు కళ్లు మూసుకున్నారు. నిట్టూర్చి, "కొట్టించెయ్యండి," అన్నారు. ఎంత బాధగా అన్నారంటే, ఆయన మీద మాకు గౌరవం రెట్టింపయింది.

అపార్ట్‌మెంట్ మీటింగ్ పెట్టాం. "ఇంతకీ ఏం చెట్టయ్యా అది?" అని రెండో అంతస్తు పెద్దాయన అడిగారు. ఒక్కరికీ తెలియదు. చూశారా, మనకు ప్రకృతి విద్య ఎంత అవసరమో! తీర్మానం ఏకగ్రీవం. మొదట లేచిన చెయ్యి నాది. టైరుకు తగలకుండా మొద్దును నేలకు సమంగా కోయించాం.

బుడ్డిది స్కూలు నుంచి వచ్చి ఆ మొద్దు చుట్టూ ఒకసారి తిరిగింది. కొమ్మ ఉండే చోటు వైపు తలెత్తి చూసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏ ఐస్‌క్రీమో కొనిచ్చి సముదాయించేవాణ్ణి. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకూ ముద్ద దిగలేదు కానీ, ఎండ దెబ్బని మా ఆవిడతో చెప్పాను.

ఆ వారం ప్రోగ్రాంలో హోంవర్క్ ఇచ్చారు. ఇంటి దగ్గరున్న ఒక చెట్టును నేస్తంగా ఎంచుకుని, రోజూ దాని పక్కన కదలకుండా కూర్చోవాలి. ఎంత గొప్ప ఆలోచన!

మళ్లీ ఆదివారం వచ్చింది, బస్సూ వచ్చింది. బుడ్డిది మొద్దు మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. కదల్లేదు.

"పాపను లేవమనండి సార్, బండి తిప్పుకోవాలి."

"లే బుడ్డీ! ప్రకృతి క్లాసుకు టైమవుతోంది!" అని అరిచాను.

"హోంవర్క్ చేస్తున్నా నాన్నా. అరవకు, అది భయపడుతుంది."

వంగి చూశాను. మొద్దు అంచున వేలెడంత చిగురు.

బస్సులో పిల్లలు చూశారు. రోల్ నంబర్లు పిలవకుండానే బిలబిలా దిగిపోయారు. ఒకడు నేల మీద బోర్లా పడుకుని చిగురును ముట్టుకున్నాడు. చేతికి గ్లవ్స్ లేవు! ఇంకో అమ్మాయి మోచేతి మీదికి చీమ పాకితే, అదెక్కడికి పోతుందో చూస్తూ కూర్చుంది. ప్రకృతి సార్ జేబులు తడుముకుంటున్నారు.

ఇప్పుడు చెప్పండి! ప్రోగ్రాం లేకపోతే బస్సు వచ్చేదా? బస్సు రాకపోతే చెట్టు పోయేదా? చెట్టు పోకపోతే వేలెడంత చిగురు కోసం ఇంతమంది పిల్లలు ఇలా గుమిగూడేవారా? అంతా ప్రోగ్రాం చలవ కాదూ!

ఈ మాటే పైకి అనబోతున్నాను. అంతలో బుడ్డిది తలెత్తింది.

"సార్, ఇది నేను ఎక్కేంత ఎప్పుడవుతుంది?"

"అది మన సిలబస్‌లో లేదమ్మా," అన్నారు ప్రకృతి సార్.

"మరి కొట్టెయ్యడం ఉందా?"

ఆయన నా వైపు చూశారు. మీటింగ్‌లో అందరికంటే ముందు లేచిన నా చెయ్యి జేబులోంచి బయటికి రానంది. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.