ఫ్లాపీకి బొట్టు

ఎనభై ఆరో సంవత్సరం, ఆ ఉదయం యాకుత్‌పురా మీద మబ్బు కమ్మింది గానీ కురవలేదు. మంత్రి బాలనర్సింహగారు వచ్చేదాకా ఆగమని ఎవరో చెప్పినట్టుంది.

ఆయన రాగానే ప్రకటించారు: పాతబస్తీలో ఇక రేషన్ కార్డులు కంప్యూటరే ఇస్తుంది, చేతిరాత కార్డులన్నీ ఈ క్షణం నుంచి రద్దు. అందరూ చప్పట్లు కొట్టారు. వరసలో ముందున్న కాశమ్మ కూడా కొట్టింది. ఆమె చంకలో ఖాళీ సంచి, చేతిలో అప్పుడే రద్దయిన కార్డు. ఇంట్లో గింజ లేదు.

నేను కుర్చీలూ, వంటకు బస్తాలూ మోసినవాణ్ణి. దగ్గరుండి చూశాను.

కంప్యూటరు పాతది. పెద్దాఫీసువాళ్లు వాడి వాడి పంపించారు. దాని లోపల ఏమీ లేదనీ, పక్కన తగిలించిన పెట్టెలో ఫ్లాపీ పెడితే అక్కడి నుంచి లేస్తుందనీ అధికారి వీరరాఘవరావుగారు వినయంగా వివరించారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకు బొట్టు పెట్టబోయి ఆగారు.

"అయితే దీని పానం యాడున్నది?"

"ఈ ఫ్లాపీలోనండి."

"మరి పానానికి పెట్టాలె గద బొట్టు. పీనుగకు పెడ్తరా?"

అంత లోతుగా ఆలోచించే మంత్రిని నేను మళ్లీ చూడలేదు. ఫ్లాపీ తొడుగుకు, పెట్టె దాన్ని చదివేచోట, సన్నని కిటికీ ఉంటుంది. తడి కుంకుమ సరిగ్గా అందులో పడింది. వద్దనబోయి వీరరాఘవరావుగారు నోరు తెరిచారు. ఫోటో తీస్తున్నారని ఆ నోటితోనే నవ్వారు.

ఫ్లాపీని దూర్చగానే పెట్టె గరగరమంది. తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క వెలిగింది.

"ఏమంటున్నది?"

"ఫ్లాపీ పెట్టమంటోందండి."

"పెట్టినం గద."

"పెట్టినట్టు దానికి తెలియటం లేదండి."

మంత్రిగారు ఫికరు పడలేదు. "లోపల ఏం లేకున్నా బయటికెల్లి నడుస్తదంటివి గద. మా పార్టీ గట్లనే నడుస్తున్నది" అన్నారు. కంప్యూటరు వెనక పరదా కట్టించి, గుమాస్తా భిక్షపతికి కలమిచ్చి కూర్చోబెట్టారు. వీరరాఘవరావుగారు మీట నొక్కితే పరదా కింద నుంచి కార్డు వచ్చేది. భిక్షపతి తుమ్మినప్పుడు యంత్రం వేడెక్కిందని మైకులో చెప్పారు.

మొదటి కార్డు కాశమ్మది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"గిది మా భిక్షపతి రాతే గద, బాపూ."

"కంప్యూటరు ఆయన దగ్గరే నేర్చుకుందమ్మా" అన్నారు వీరరాఘవరావుగారు.

ఆమె ఎదురుగా ఉన్న గుండయ్య రేషన్ దుకాణానికి వెళ్లి, అదే ఖాళీ సంచితో తిరిగొచ్చింది.

"కార్డు మస్తుగున్నదట. బియ్యమే లేవట."

మంత్రిగారు చలించిపోయారు. ప్రారంభోత్సవ భోజనానికి ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. గుండయ్య స్వయంగా వడ్డించాడు. ముద్ద కలపబోయి కాశమ్మ చెయ్యి ఆగింది. రేషన్ బియ్యం ముక్కిన వాసన ఆ బస్తీలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆమె గుండయ్యను చూసింది. గుండయ్య సాంబారు బకెట్టును చూశాడు. పరదా వెనక నుంచి వచ్చి భిక్షపతి నా పక్కన కూర్చున్నాడు. బయట వాన మొదలైంది.

కాశమ్మ ముద్ద కలిపింది. అందరం తిన్నాం.