నంబరు పడకుండా బయటికి పోయినవి

ఆ ఆఫీసులోంచి ముప్పై ఒక్క ఏళ్లలో నంబరు పడని కాగితం ఒక్కటంటే ఒక్కటి గడప దాటలేదు. కావాలంటే పందెం కాయండి. బయటికి పోయే ప్రతి ఉత్తరాన్నీ వరస నంబరు, తేదీ, ఎవరికి, దేని గురించి అని రిజిస్టరులో ఎక్కించి, ముద్ర గుద్ది పంపడం అక్కడి డిస్పాచ్ గుమాస్తా పని. ఆయన ఆ పనిని ఎంత నిష్ఠగా చేసేవాడంటే, తోటివాళ్లు అసలు పేరు మరిచిపోయి నంబరుగారు అని పిలిచేవారు. ఇంట్లో పిల్లి వీధిలోకి పోతున్నా ఆయన చెయ్యి జేబులోని కలం మీదికి పోయేది.

ఆ రోజు పొద్దున నంబరుగారి కార్యక్రమం మామూలుది. ఎనిమిదింటికి గడ్డం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా, పదకొండింటికి ఇంటర్వ్యూ. సూపరింటెండెంటు పదవికి అంతకుముందు రెండుసార్లు పిలిచి, రెండుసార్లూ పక్కన పెట్టారు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలే ఉన్నాయి కాబట్టి ఈ మూడోసారే ఆఖరిసారి. బోర్డువారు వేరే ఊళ్లో కూర్చుని, ఆయన్ని ఇంట్లోంచే ల్యాప్‌టాప్‌లో కనపడమన్నారు. నాలుగు రోజులుగా ఆయనకు తిండి సయించడం లేదు.

కంప్యూటర్లు బాగుచేసే బావమరిది ఎనిమిదిన్నరకు వచ్చి అంతా సరిచూశాడు. చూసినవాడు చూసినట్టు పోయి ఉంటే ఈ కథే లేదు. చెప్పులేసుకుంటూ ఒక మాట జారాడు.

"అంతా బాగుంది బావా. కాకపోతే నీ బ్రౌజరు కాస్త తిరుగుబోతు."

"అంటే?"

"నువ్వేం నొక్కకపోయినా చాపకింద నీరులాగా బయటికి కనెక్షన్లు పెడుతూనే ఉంటుంది. కొత్త వెర్షనొచ్చిందా అని కనుక్కోడానికి ఒకటి. నువ్వు రెండక్షరాలు కొట్టగానే మిగతాదేంటో అడగడానికి ఒకటి. లింకు మీద మౌస్ పెట్టావనుకో, నొక్కుతావేమోనని ముందే పోయి అక్కడ తలుపు తట్టొస్తుంది."

"నేను నొక్కకముందే?"

"నొక్కకముందే. అందరివీ అంతే, మామూలే."

"ఎవరి సంతకంతో పోతోందిరా?"

బావమరిది నవ్వి, ఖాళీ పేజీ ఒకటి తెరిచి, పక్కన జాబితా చూపించాడు. ఎవరూ కీబోర్డు ముట్టుకోకుండానే నిమిషంలో పంతొమ్మిది చిరునామాలు చీమల బారులా దిగాయి. నంబరుగారు ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇది ఆఫీసు ల్యాప్‌టాప్. దీన్లోంచి ఏం బయటికి పోయినా నా చేతి మీదుగా పోయినట్టే. బోర్డువాళ్లు ఈ మాటే అడిగితే నేనేం చెప్పాలి?"

"ఎవరూ అడగరు బావా."

"అడగరని రాసిస్తావా?"

రాసివ్వడం ఇష్టంలేని బావమరిది ఊరికే దొరికే కాపలా ప్రోగ్రామొకటి ఎక్కించాడు. "ఇక ఏది బయటికి పోవాలన్నా నిన్నడిగే పోతుంది. పంపు అంటే పోతుంది, వద్దు అంటే ఆగుతుంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా మాత్రం దీన్ని ఆపేసి ఉంచు" అన్నాడు. ఆ చివరి మాట నంబరుగారి చెవికెక్కలేదు. అప్పటికే ఆయన బీరువాలోంచి కొత్త రిజిస్టరు తీసి గీతలు కొడుతున్నాడు.

తొమ్మిదింబావుకి భార్యను కూడా కూర్చోబెట్టాడు. ఆయన తెర చూసి చెప్పాలి, ఆవిడ రాయాలి.

"ఇవాళ ఇంటర్వ్యూనా, జనాభా లెక్కలా?" అంటూనే ఆవిడ కలం పట్టింది.

తెర మీద చిన్న కిటికీ లేచేది. ఫలానా చిరునామాకు పోవచ్చా అని అడిగేది. ఆయన చిరునామా చదివి, తెలిసినవాడు కాదని తేల్చి, వద్దు నొక్కేవాడు. వద్దన్నకొద్దీ బ్రౌజరు మళ్లీ మళ్లీ వచ్చేది. తలుపు తీసేదాకా కొట్టే బంధువులాగా దానికి మొహమాటం లేదు.

"ఏమండీ, వీడే నాలుగోసారి. కొత్త నంబరు వెయ్యనా?"

"ఒకే వ్యవహారమైతే కొత్త నంబరెందుకు? పాతదాని కిందే రిమైండరు అని రాయి."

"ఇది ధ్రువపత్రం సరిచూసుకోడానికట. మంచిదేమో?"

"ఎవరి ధ్రువపత్రం?"

"చెప్పలేదు."

"చెప్పనివాడికి దారేంటి? వద్దు."

పందెం సంగతి ఇక్కడ కాస్త వెనక్కి తీసుకోవాలి. నంబరు లేకుండా ఆ ఆఫీసులోంచి ఒక కాగితం పోయింది. ఒక వేసవిలో ఫ్యాను గాలికి లేచి కిటికీలోంచి పోయింది. నంబరుగారు దాని వెనకాలే మూడో వీధి దాకా పరుగెత్తి, పట్టుకొచ్చి, రిజిస్టరులో ఎక్కించి, మళ్లీ పంపాడు. అలాంటి మనిషి వద్దు అన్నాడంటే అందులో పంతం లేదు, భయం ఉంది.

పదీ నలభైకి రిజిస్టరులో నూట పన్నెండు పడ్డాయి. బోర్డువారి లింకు నొక్కితే, ఈ సైటు నమ్మదగినదో కాదో తేల్చుకోలేకపోతున్నామని ఎర్రటి హెచ్చరిక వచ్చింది. సైటు అసలుదో నకిలీదో దాని ధ్రువపత్రం చూసి చెప్పేవాణ్ణి తానే గెంటేశాడన్న సంగతి తెలియక, ఎవరో దొంగ మధ్యలో కూర్చున్నాడని ఆయన అనుకున్నాడు. బావమరిదికి ఫోను కొట్టాడు.

"అన్నింటికీ పంపు నొక్కెయ్ బావా."

"అన్నింటికీనా? చదవకుండానా?"

"టైమెంతయింది?"

"పదీ నలభై ఆరు."

"మరి చదువుతూ కూర్చో" అని అవతల పెట్టేశాడు.

ఆయన చదువుతూనే కూర్చున్నాడు. బోర్డు ఉత్తరంలో ఫైలు నంబరు ఉంది కాబట్టి, హెచ్చరికను పక్కకి నెట్టి వారి పేజీకి మాత్రం పంపు నొక్కాడు. ఆ పేజీ తెరుచుకున్న వెంటనే నాలుగు కిటికీలు ఒకేసారి లేచాయి. లోపలికి వచ్చే బొమ్మకూ మాటకూ ఒకటి. దాని చిరునామా అంకెలూ చుక్కలూ తప్ప ఇంకేం లేదు. నంబరుగారు దానికి శాశ్వతంగా వద్దు అని నొక్కాడు. అంతలో చొక్కా చెమటకు తడిసిందని చూసుకుని, ఇంకోటి వేసుకోవడానికి గదిలోకి పరుగెత్తాడు.

ఇంకో కిటికీ ఇంట్లోని బొమ్మా మాటా బయటికి పోవచ్చా అని అడిగింది. భార్య ఒక్క క్షణం చూసింది. మాట పోకపోతే వాళ్లకెలా వినపడుతుంది అనుకుంది. పంపు నొక్కింది. సరిగ్గా అప్పుడే రిజిస్టరులో పేజీ నిండింది. ఆవిడ పేజీ తిప్పేలోగా మరో కిటికీ లేచింది. ఆ ఒక్కటీ రాయడం మరిచిపోయింది.

పదకొండయింది. తెర మీద నల్లటి చదరం, దాని మధ్యలో తిరుగుతున్న సున్నా. పదకొండూ అయిదు. అదే సున్నా. నంబరుగారు కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"అయిపోయింది. వాళ్లకి నేను కనపడట్లేదు. రాలేదని రాసుకుని ఇంకోణ్ణి పిలిచేసుంటారు."

"పోతే పోయిందిలెండి. ముందు కాసిని నీళ్లు తాగండి." ఆవిడ గ్లాసు అందించి పక్కన కూర్చుంది. "ఇన్నేళ్లయింది, అడగలేదు. ఆ రెండుసార్లూ ఎందుకు రాలేదు మీకు?"

"ఫైల్లో ఒక రిమార్కుంది. ఉత్తరాలు ఆలస్యం చేస్తాడని."

"చేశారా?"

"చేశాను. ఒక్కటి. గడువు దాటాక తయారైన కాగితం. అప్పటి మా ఆఫీసు పెద్దాయన దానికి వారం కిందటి తేదీ వెయ్యమన్నాడు. ఆ తేదీలో నంబరు ఖాళీ లేదండీ అన్నాను. రెండు నంబర్ల మధ్యా ఇరికించు, నీ సొమ్మేం పోయింది అన్నాడు. నేను ఆ రోజు తేదీయే వేశాను. ఆ ఆలస్యాన్ని ఆయన నా ఖాతాలో రాశాడు."

"ఆ ముక్క వాళ్లకి చెప్పొచ్చుగా?"

"పెద్దాయన పోయాడు కదే. పోయినవాడి మీద చాడీలు చెప్పి కుర్చీ ఎక్కమంటావా?"

ఆవిడ రిజిస్టరు మూసి పక్కన పెట్టింది. "ఎక్కకపోతే ఏం లెండి, కుర్చీలు మనింట్లో నాలుగున్నాయి" అంది.

"నాలుగోదానికి కాలు విరిగింది."

"మూడున్నాయి."

అప్పుడు ఫోను మోగింది. అవతల బోర్డు అధ్యక్షురాలు.

"నమస్కారమండీ. మీరు కనపడుతున్నారు, వినపడుతున్నారు. పదీ యాభై రెండు నుంచీ."

నంబరుగారి చేతిలో గ్లాసు ఒరిగిపోయి నీళ్లన్నీ రెండో చొక్కా మీద పడ్డాయి. "మేడమ్, నాకు మీరు వినపడలేదండీ."

"తెలుసండీ. ఎంత పిలిచినా మీరు వద్దు, వద్దు అంటూనే ఉన్నారు. సరే, మేం మిమ్మల్ని అడగాలనుకున్న ప్రశ్న ఒక్కటే. ఫైల్లో ఆ ఆలస్యం రిమార్కేంటని. కిందటి బోర్డులకి మీరు జవాబు చెప్పలేదని రాసుంది."

"అవునండీ."

"ఇవాళ మీ ఆవిడకి చెప్పారు. ఆ రోజు రిజిస్టరు పేజీ తెప్పించి చూస్తాం. మీరన్నట్టే ఉంటే ఒకటో తారీఖున చేరండి."

ఇంతసేపూ చూస్తున్న బోర్డువారిలో ఒక్కరు కూడా నవ్వలేదు. ఫోను పెట్టేశాక నంబరుగారు చాలాసేపు రిజిస్టరు తిరగేశాడు. ఇంట్లోంచి ఆ పూట బయటికి పోయినవాటిలో పనికొచ్చినవి తన మొహమూ తన మాటా. వాటికే నంబరు లేదు.

మధ్యాహ్నం బావమరిది వచ్చి జాబితా అంతా చూశాడు. "ఆపాల్సినవి రెండే బావా. లింకు నొక్కకముందే పరుగెత్తేదొకటి, అక్షరాలు కొడుతుంటే ఊహించేదొకటి. బ్రౌజరు సెట్టింగుల్లోనే ఆపేశాను. అప్‌డేటుని మాత్రం ఆపకు, అది మందులాంటిది." అని, గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ఈ కాపలా ప్రోగ్రాముంది చూశావూ, నువ్వు వద్దన్న ప్రతిసారీ పోయి వాళ్ల కంపెనీకి చెప్పొచ్చింది. రెండొందల ఆరు సార్లు."

"నన్నడగకుండా?"

"అందరిచేతా నిన్నడిగించేది అదే కదా. దాన్నెవరు అడుగుతారు?"

కంచే చేను మేసిందని నంబరుగారు అనలేదు. బోర్డువారు తెప్పించిన పాత రిజిస్టరు పేజీలో తేదీ ఆయన చెప్పినట్టే ఉంది కాబట్టి, ఒకటో తారీఖున ఆయన కుర్చీ ఎక్కాడు. ఈ కథలో కల్పించినది ఒక్కటే: బోర్డువారు నవ్వలేదన్నది.