జివ్కా పేనిన ఎర్రదారం

డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి ఆసుపత్రికి ఆ ఉదయం జివ్కా వేసుకొచ్చిన పథకంలో వెతికినా చిల్లు దొరకదు. రాజధాని సోఫియా నుంచి తనిఖీ మేడం వస్తుంది. వృద్ధుల వార్డు చూస్తుంది. జివ్కా వచ్చాక అక్కడ ఒక్క ముసలిప్రాణమూ కింద పడలేదని తెలుసుకుని సంతకం పెడుతుంది. ఆ సంతకంతో రోగుల భద్రత చూసే నర్సు ఉద్యోగం ఆ ఆసుపత్రిలో స్థిరపడుతుంది. సంతకం పడకపోతే ఉద్యోగం ఊడుతుంది, జివ్కా మళ్ళీ సూదిమందుల గదికి పోతుంది, ముసలాళ్ళు మునుపటిలా రాలిపోతుంటారు. మునుపు ఎంతగా రాలేవారంటే, పైన దభీమని చప్పుడు వినగానే కింది అంతస్తులో ఎముకల డాక్టరు కట్టు కట్టే పిండి కలిపి సిద్ధంగా ఉంచేవాడట.

జివ్కా చేసింది చిన్న పనే. తూలిపడే భయమున్న వాళ్ళ చేతికి పట్టీ కట్టింది. పట్టీ ఉన్నవాళ్ళు ఒంటరిగా అడుగు వేయకూడదు. ప్లాస్టిక్ పట్టీలు ఎంతకీ రాకపోయేసరికి, దీనికింత ఎదురుచూపు దేనికని ఇంట్లో ఉన్న ఎర్ర ఊలు తీసి తనే పేనింది. వేళ్ళు మాత్రం చిన్నప్పటి అలవాటు మానలేదు. ఎరుపు పక్కన తెలుపు దానంతటదే వచ్చి కూర్చుంది. అప్పుడు ఫిబ్రవరి కాబట్టి దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

వార్డు సహాయకుడు క్రుమ్‌కు నియమం కూడా తనే చెప్పింది. క్రుమ్ పూర్వం కుస్తీలు పట్టినవాడు. అతను నిలబడితే గుమ్మానికి వేరే తలుపు అక్కర్లేదు.

"చేతికి ఎర్రది కనబడిందా, ఆ మనిషిని ఒంటరిగా నడవనివ్వకు. ఎవరైనా సరే."

"డాక్టరు గారైనా?"

"తడినేలకి డాక్టరని తెలుస్తుందా?" అంది జివ్కా. బాగా చెప్పానని మురిసిపోయింది కూడా.

తనిఖీ రోజు మార్చి ఒకటి. ఆ రోజున ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం కనబడ్డవాళ్ళందరి చేతికీ కట్టడం అక్కడి ఆచారం. ఏడాదంతా ఒంట్లో కులాసాగా ఉంటుందని. కట్టించుకున్నవాళ్ళు కొంగనో పూసిన చెట్టునో కళ్ళారా చూసేదాకా దాన్ని విప్పరు. చూశాక విప్పి చెట్టుకొమ్మకు కడతారు. ఇదంతా జివ్కాకు తెలియక కాదు. దారిలో రొట్టెల కొట్టు అవ్వ ఆమె చేతికీ ఒకటి కట్టింది. తనిఖీ ధ్యాసలో చెయ్యి చాపి, దండం పెట్టి, ఆసుపత్రి మెట్లెక్కింది. పై మెట్టు మీద క్రుమ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటి క్రుమ్ ఇది?"

"మెల్లగా అక్కా. కుడికాలు ముందు."

అప్పుడు చూసుకుంది జివ్కా తన చెయ్యి. అప్పటికే ఆలస్యమైంది. వంటమనిషి పేనా తెల్లవారుతూనే బుట్టెడు దారాలతో తిరిగి, మంచాల మీదివాళ్ళకీ మంచాల చుట్టూ ఉన్నవాళ్ళకీ కట్టేసింది. ఇప్పుడు ఆమే చక్రాల కుర్చీలో గరిటె పట్టుకుని కూర్చుంది. ఎవరైనా తోస్తే గాని పొయ్యి దగ్గరికి పోవడానికి లేదు. అవతల ఆసుపత్రి మొత్తానికి పెట్టిన సూపు అడుగంటుతోంది. ఎముకల డాక్టరు మరుగుదొడ్డి ముందు బతిమాలుకుంటున్నాడు.

"నేనొక్కణ్ణే వెళ్తానయ్యా."

"మన వార్డు గెన్యో తాత కూడా ఇదే అన్నాడు డాక్టరు గారూ. తరవాత ఆయన తుంటికి మేకులు కొట్టింది మీరే కదా."

"క్రుమ్, ఇవి పండగ దారాలు. నేను కట్టినవి వేరు," అంది జివ్కా.

క్రుమ్ పేనా చెయ్యీ గెన్యో తాత చెయ్యీ పక్కపక్కన పెట్టాడు. "ఏది వేరక్కా?"

జివ్కా వంగి చూసింది. పేనా దారం కాస్త నాణ్యంగా ఉంది, అంతే.

"సరే, అందరూ విప్పేయండి. సాయంత్రం మళ్ళీ కట్టుకుందురు గాని."

"కొంగ రాకుండా విప్పమంటావా?" అంది పేనా. "భద్రత చూసే నర్సువి, ఏడాదంతా మా ఒళ్ళు పాడవ్వాలనా నీ కోరిక?"

అంతలో కారు వచ్చింది. డ్రైవరు వంటింటి దారి పట్టాడు. తనిఖీ మేడం వెలీనోవా గుమ్మంలో అడుగు పెట్టగానే డైరెక్టరు మలీనోవ్ గారు ఎంతో మర్యాదగా ఆమె చేతికి దారం కట్టారు. ముడి పడీ పడకముందే క్రుమ్ చక్రాల కుర్చీ తెచ్చాడు.

"నేను తనిఖీకి వచ్చాను," అందామె.

"అందరికీ ఏదో ఒక పని ఉంటుందమ్మా. కూర్చోండి."

అడ్డం వచ్చిన డైరెక్టరు గారి చేతికీ దారముంది. కుర్చీలు అయిపోయాయి గనక ఆయన్ని దుప్పట్ల బండి మీద ఎక్కించి, ఇద్దర్నీ లిఫ్టులో పై వార్డుకి తోసుకెళ్ళాడు. జివ్కా తన చెయ్యి కోటు జేబులో దాచుకుని పక్కనే నడిచింది.

"ఈ పద్ధతి ఎవరిది?" అంది మేడం, కుర్చీలోంచి తల తిప్పకుండా.

"నాదే మేడం."

"పనిచేస్తోందా?"

"కొంచెం ఎక్కువగానే."

కిటికీ దగ్గర గెన్యో తాత ఇదంతా చూస్తున్నాడు. తుంటి విరిగినప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. పెరట్లో ఆల్బుకరా చెట్టు కింద ఒంటరిగా నిలబడి ఒక్క సిగరెట్టు కాల్చాలి. ఎటు కదిలినా మోచేతికి క్రుమ్ వేలాడుతున్నాడు.

"కొంగ," అన్నాడు తాత నింపాదిగా. "అదిగో, పొగగొట్టం మీద."

పొగగొట్టం మీద తెల్లగా ఏదో కదిలింది. వార్డు మొత్తం ఒక్కసారి దారాలు విప్పింది. వాటిని చెట్టుకు కట్టడానికి కాళ్ళున్నవాళ్ళంతా పెరట్లోకి పరుగెత్తారు. పేనా కుర్చీలోంచి లేచి సూపు దగ్గరికి పోయింది. తాత తన దారం దిండు కింద పెట్టి మెట్ల వైపు బయలుదేరాడు. మేడం కూడా దారం తీసేసి, ఇక నడవొచ్చు గదా అన్నట్టు లేచి ఆయన వెనకే నడిచింది. క్రుమ్ చేతులు కట్టుకుని హాయిగా నిలబడ్డాడు.

జివ్కా మెట్ల వైపు చూసింది. పైమెట్టు అంచున గెన్యో తాత ఊగుతున్నాడు. ఆయన వెనక మేడం, మొహం సున్నంలా పాలిపోయి, చేత్తో గోడను తడుముతోంది.

"క్రుమ్, పట్టుకో."

"దారం లేదు గదక్కా."

"దారం చూడకు క్రుమ్. మనిషిని చూడు."

క్రుమ్‌కు ఆ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పాక చూశాడు. చూశాక ఆలోచించలేదు. ఒక చంకలో తాత, ఒక చంకలో తనిఖీ, ఇద్దరూ గాల్లోనే ఆగారు.

మేడంను మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, జివ్కా రక్తపోటు చూసింది. పాతాళంలో ఉంది.

"పొద్దున మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాననే అనుకున్నాను. తరవాత వేసుకోలేదేమో అనిపించి, కార్లో మళ్ళీ వేసుకున్నాను."

"నేనూ అలాగే పడ్డానమ్మా," అన్నాడు పక్క మంచం మీంచి గెన్యో తాత. "ఏం కంగారు లేదు, ఇక్కడ బాగా చూస్తారు. కాస్త అతిగా చూస్తారు."

"మరి కొంగ ఏది తాతా?" అంది జివ్కా. పొగగొట్టం మీద గాలికి ఎగిరొచ్చిన దిండుగలీబు రెపరెపలాడుతోంది.

"శుక్లాలు గదమ్మాయ్. నాకది కొంగలాగే ఉంది."

మేడం పడుకునే సంతకం పెట్టింది. "పట్టీలు నేను పంపిస్తాను," అంది. "నువ్వు మాత్రం ఊలు ముట్టుకోకు. మెట్ల మీద అతనికి చెప్పావే, ఆ మాట మాత్రం వార్డు గోడ మీద రాయించు."

సాయంత్రం క్రుమ్ ఆమెను కారు దాకా నడిపించాడు. వంటింట్లోంచి డ్రైవరు పాడుకుంటూ వచ్చాడు. పేనా పోసిన ఆల్బుకరా సారా వాసన అతనికంటే రెండడుగులు ముందే వచ్చింది. ఆసుపత్రి పద్ధతి విన్నవాడు గనక, క్రుమ్‌ను చూడగానే రెండు చేతులూ చాపి చూపించాడు. ఎక్కడా దారం లేదు.

"ఇప్పుడు దారాలు చూడటం లేదండీ," అన్నాడు క్రుమ్. కారు తాళాలు తీసి జేబులో వేసుకుని, ఒక చక్రాల కుర్చీ అతని ముందుకు తోశాడు.

ఆ రాత్రి సోఫియావాళ్ళిద్దరూ వృద్ధుల వార్డులోనే పడుకున్నారు, ఒక్కరూ కింద పడలేదు.